బృహద్ధమనిలో కేసింగ్ పైపు

అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో అరవై దాటిన మనిషి ఎడమ పక్క నడుము పట్టుకుని ఆసుపత్రికి వస్తే, అందరికీ ముందు తట్టేది కిడ్నీలో రాయి. "రాయేమో చూడు సార్" అని పేషెంటే చెప్పేస్తాడు. పొద్దంతా ఎండలో చేను పని, చెమటగా పోయేది ఎక్కువ, తాగే నీళ్లు తక్కువ. ఆ అనుమానంలో తప్పు లేదు, చాలాసార్లు స్కానింగులో రాయే కనబడుతుంది కూడా. అయితే ఆ మనిషి ఏళ్ల తరబడి బీడీ తాగుతూ, ఇంతకు ముందెప్పుడూ రాయి నొప్పి ఎరగనివాడైతే, స్కాన్ చేసే డాక్టరు కిడ్నీ దగ్గరే ఆగిపోకూడదు. ప్రోబును బొడ్డు పైకి తెచ్చి, వెన్నెముకకు ముందు కొట్టుకుంటున్న పెద్ద రక్తనాళాన్ని ఒక్క నిమిషం కొలవాలి. కడుపులోని బృహద్ధమని ఉబ్బి, గోడ చిట్లి, రక్తం వెనక్కి కారడం మొదలైనప్పుడు వచ్చే నొప్పి అచ్చం రాయి నొప్పిలాగే ఉంటుంది. పెద్ద వయసులో తొలిసారి రాయి నొప్పి వస్తే ముందు బృహద్ధమనిని చూడమని వైద్య విద్యార్థులకు పనిగట్టుకుని నేర్పుతారు. ఈ ఒక్క పొరపాటుతో ప్రాణం పోతుంది.

గుండె నుంచి బయల్దేరిన బృహద్ధమని ఛాతీ దాటి కడుపులోకి దిగి, కిడ్నీలకు చెరో కొమ్మ ఇచ్చి, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్లకు పోతుంది. కడుపులో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు. అది 3 సెంటీమీటర్లకు చేరితే డాక్టర్లు అన్యూరిజం అంటారు. ఈ ఉబ్బు ఎక్కువగా కిడ్నీ కొమ్మలకు కింద, రెండుగా చీలే చోటుకు పైన వస్తుంది. ధమని గోడకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ పోగులు అక్కడ ఒక్కొక్కటిగా నశించిపోతాయి. వెడల్పు పెరిగేకొద్దీ అదే రక్తపోటుకు గోడ మీద పడే లాగుడు ఇంకా పెరుగుతుంది, దాంతో గోడ ఇంకా సాగుతుంది. ఏళ్ల తరబడి ఏ బాధా ఉండదు. పగిలినప్పుడు మాత్రం, ఆసుపత్రి చేరనివారిని కూడా లెక్కలోకి తీసుకుంటే, ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు చనిపోతారు.

దీనికి అన్నిటికన్నా పెద్ద కారణం పొగ. వయసు, మగవాడై ఉండడం, ఇంట్లో తండ్రికో అన్నదమ్ములకో ఇదే జబ్బు ఉండడం, బీపీ ఆ తర్వాతి కారణాలు. విచిత్రంగా షుగరు ఉన్నవారిలో ఇది తక్కువ కనబడుతుంది. కరిగించే మందు ఇప్పటికీ లేదు. ఒక మందు మీద చాలా ఆశ పెట్టుకున్నారు, అది డాక్సీసైక్లిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో 1948లో వెలువడిన ఆరియోమైసిన్ కుటుంబానికి చెందిన మందు ఇది. గోడను తినేసే ఎంజైములను అణచివేస్తుందని జంతువుల్లో తేలింది. అమెరికాలో చిన్న ఉబ్బులున్నవారికి రెండేళ్లపాటు ఇచ్చి చూస్తే, ఉబ్బు పెరగడంలో ఏ తేడా లేదని 2020లో ఫలితం వచ్చింది. కాబట్టి చేతిలో ఉన్నవి మూడే మార్గాలు: బీడీ మానడం, బీపీ అదుపు, సమయం వచ్చినప్పుడు మరమ్మతు.

ఆ సమయం ఎప్పుడన్నది గట్టిగా తేలిన విషయమే. బ్రిటన్‌లో, అమెరికాలో జరిగిన రెండు పెద్ద పరీక్షలు 5.5 సెంటీమీటర్లలోపు ఉబ్బుకు తొందరపడి ఆపరేషన్ చేస్తే ఆయుష్షు పెరగదని చూపించాయి. అందుకే మగవారికి 5.5, ఆడవారికి 5 సెంటీమీటర్లు గీత. ఏడాదిలో ఒక సెంటీమీటరు పెరిగినా, నొప్పి మొదలైనా ఆ గీత చూసుకుంటూ కూర్చోరు. ఈ కొలతలు పొడవూ ఒడ్డూ ఎక్కువున్న పాశ్చాత్యుల మీద కట్టినవి. సన్నగా, పొట్టిగా ఉండే మన పెద్దాయన ఒంట్లో 5 సెంటీమీటర్ల ఉబ్బు నిజానికి ఎంత పెద్దదో సర్జన్ మనిషిని చూసి తేల్చుకోవాలి.

మరమ్మతు రెండు రకాలు. పాతది కడుపు కోసి చేసేది. 1951 మార్చిలో పారిస్‌లో చార్లెస్ డ్యూబో ఉబ్బిన భాగాన్ని తీసేసి, చనిపోయిన మనిషి ధమనిని అతికించారు. కొద్ది కాలానికే గుడ్డ గొట్టాలు వచ్చాయి. హ్యూస్టన్ సర్జన్ మైకేల్ డిబేకీ నైలాన్ కొనడానికి బట్టల కొట్టుకు వెళ్తే సరుకు అయిపోయిందని, బదులుగా డాక్రాన్ అనే కొత్త పాలిస్టర్ గుడ్డ ఇచ్చారని ఆయనే చెప్పేవారు. దాన్ని కుట్టుమిషన్ మీద గొట్టంగా కుట్టారు. డాక్రాన్ నేటికీ వాడుకలోనే ఉంది. ఈ ఆపరేషన్‌లో పేగులు పక్కకు జరిపి, బృహద్ధమనికి పైన కింద క్లాంపులు వేసి, ఉబ్బిన సంచి తెరిచి, గుడ్డ గొట్టాన్ని చేత్తో కుడతారు. ఒకసారి కుట్టింది సాధారణంగా జీవితాంతం నిలుస్తుంది. ఆ రోజు మాత్రం గుండెకు, ఊపిరితిత్తులకు గట్టి పరీక్షే.

ఊపిరితిత్తులు పాడైన ఒక రోగి ఆ పరీక్షకు తట్టుకోలేడని తెలిసే, 1990 సెప్టెంబరులో బ్యూనస్ ఎయిరిస్‌లో హువాన్ పరోడి కొత్త దారి తొక్కారు. హూలియో పాల్మాజ్ తయారుచేసిన స్టెంటుకు డాక్రాన్ గొట్టాన్ని కుట్టి, గజ్జలోని ధమని గుండా ఉబ్బులోకి ఎక్కించి, లోపలే విప్పారు. అంతకు మూడేళ్ల ముందే ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదోస్ ఛాతీలోని బృహద్ధమనికి ఇలాంటి పనే చేశారు, ఆ సంగతి సోవియట్ సరిహద్దులు దాటి ప్రపంచానికి చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఈ పద్ధతి పేరే ఎవార్. అందులో వాడే వస్తువు స్టెంట్ గ్రాఫ్ట్.

గుండె స్టెంటు సంగతి తెలుగువాళ్లకు బాగా తెలుసు. 1990ల్లో హైదరాబాదులో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి తయారు చేయించిన కలాం-రాజు స్టెంటు మన పత్రికల్లో ఎంతో చోటు సంపాదించుకుంది. స్టెంట్ గ్రాఫ్ట్ వేరే జాతి వస్తువు. గుండె స్టెంటు మూడు మిల్లీమీటర్ల నాళాన్ని తెరిచి ఉంచే లోహపు వల మాత్రమే. స్టెంట్ గ్రాఫ్ట్ 2 నుంచి 3 సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పుండే గుడ్డ గొట్టం, దాన్ని లోహం గోడకు అదిమి పట్టి ఉంచుతుంది. రక్తాన్ని మోసేది గుడ్డ. అందుకే ఒక స్టెంట్ గ్రాఫ్టును మరొకదానితో పోల్చేటప్పుడు ముందు గుడ్డ, ఆ తర్వాత లోహం, ఆ తర్వాత రెండిటినీ కలిపిన కుట్టు చూడాలి.

బోరు వేసే ఊళ్లలో దీన్ని వివరించడం తేలిక. పైనున్న వదులు మట్టి కూలకుండా కేసింగ్ పైపు దించుతారు. ఆ పైపు గట్టి రాయి మీద బిగుతుగా కూర్చోవాలి. రాయి తగలకముందే ఆపేస్తే పైపు ఎంత ఖరీదైనదైనా పక్కనుంచి మట్టినీళ్లు దిగుతూనే ఉంటాయి. బృహద్ధమనిలో ఆ గట్టి రాయి, కిడ్నీ కొమ్మలకు కింద, ఉబ్బు మొదలయ్యేలోపు మిగిలిన బాగున్న ధమని ముక్క. సర్జన్లు దాన్ని మెడ అంటారు. మెడ ఎంత పొడవుంది, ఎంత వెడల్పుంది, ఎంత వంకర తిరిగింది, లోపల సున్నం పేరుకుందా, రక్తం గడ్డ అంటుకుని ఉందా, పైనుంచి కిందికి వెడల్పవుతూ పోతోందా? ఈ ప్రశ్నలకు సీటీ యాంజియోగ్రాంలో మిల్లీమీటర్ల లెక్కన దొరికే జవాబులే ఏ కంపెనీ గ్రాఫ్టు పనికొస్తుందో, అసలు ఏదైనా పనికొస్తుందో నిర్ణయిస్తాయి. "ఏ కంపెనీది మంచిది సార్?" అని అడిగే కొడుకుకు సర్జన్ ముందుగా చూపించాల్సింది తండ్రి మెడ కొలతలు.

ఆపరేషన్ గదిలో జరిగేది దగ్గర నుంచి చూస్తే ఆ మిల్లీమీటర్ల విలువ అర్థమవుతుంది. రెండు గజ్జల్లో తొడ ధమనుల్లోంచి సన్నని తీగలు పైకి పంపుతారు. ఒక పక్క తీగ మీదుగా గ్రాఫ్టు అసలు భాగం, సన్నటి గొట్టంలో నొక్కి పెట్టి ఉన్నది, ఎక్కుతుంది. అందరూ సీసపు ఏప్రాన్లు తొడుక్కుని తెర వైపు చూస్తుంటారు. రంగుమందు ఎక్కించగానే రెండు కిడ్నీ కొమ్మలూ తెర మీద ఒక్క క్షణం నల్లగా కనబడతాయి. కిందనున్న కొమ్మ మొదలును గుర్తు పెట్టుకుంటారు. ఎక్స్-రే యంత్రాన్ని మెడ వంపుకు సరిగ్గా ఎదురుగా ఒరగదిప్పకపోతే ఆ గుర్తు తెర మీద ఉన్నచోట ఒంట్లో ఉండదు. గ్రాఫ్టు గుడ్డ అంచున ఉన్న లోహపు చుక్కలను ఆ కొమ్మకు ఆనీ ఆనకుండా కిందికి తెచ్చి, తొడుగు వెనక్కి లాగుతారు. కాస్త పైకి పోతే కిడ్నీ రక్తం ఆగిపోతుంది. కాస్త కిందికి జారితే, ముందే పొట్టిగా ఉన్న మెడలో పట్టు పోతుంది. తొడుగులోంచి బయటపడ్డ గుడ్డకు ఒక కాలు పూర్తిగా ఉంటుంది, రెండోది మొండిగా ఆగిపోతుంది. రెండో గజ్జ తీగను ఆ మొండి కాలి నోట్లోకి ఎక్కించడం ఒక్కోసారి నిమిషం పని, ఒక్కోసారి గంట పని. అక్కడ రెండో కాలు తగిలించి, అతుకుల దగ్గర మెత్తని బెలూనుతో అదిమి, చివరి యాంజియో తీస్తారు. సంచిలోకి రంగు ఎక్కడం లేదని తేలాకే గజ్జలు మూస్తారు.

ఇప్పుడు పోలిక. మన దేశపు పెద్ద ఆసుపత్రుల్లో ఎక్కువగా వినబడే మూడు పేర్లు మెడ్‌ట్రానిక్ ఎండ్యురెంట్, కుక్ జెనిత్, గోర్ ఎక్స్‌క్లూడర్. ఎండ్యురెంట్, జెనిత్‌లది పాలిస్టర్ గుడ్డ. ఎక్స్‌క్లూడర్‌ది టెఫ్లాన్ జాతికి చెందిన పీటీఎఫ్ఈ పొర. ఎండ్యురెంట్, ఎక్స్‌క్లూడర్‌ల లోహం నిటినాల్, అంటే నికెల్, టైటానియం కలిసిన మిశ్రమం. ఒంటి వేడి తగలగానే తన పాత ఆకారానికి తిరిగొచ్చే గుణం దానిది. చాలాకాలంగా వాడుతున్న జెనిత్ ఫ్లెక్స్‌లో స్టెయిన్‌లెస్ స్టీలు ఉంటుంది, అది గట్టిది, అదే సమయంలో మందం. ఎండ్యురెంట్, జెనిత్ రెండిటికీ గుడ్డ లేని ఒక కిరీటం ఉండి, కిడ్నీ కొమ్మలను దాటి పైన కొక్కేలతో గోడను పట్టుకుంటుంది. ఎక్స్‌క్లూడర్ కిడ్నీ కొమ్మల కిందనే చిన్న కొక్కేలతో ఆగిపోతుంది. సరిగ్గా కూర్చోలేదనిపిస్తే పూర్తిగా వదిలేయకముందు దాన్ని మళ్లీ ముడిచి జరపవచ్చు. మెడ దగ్గర తడబాటుకు అవకాశమున్న చోట ఈ సౌకర్యం చిన్నది కాదు.

కంపెనీలు స్వయంగా రాసిచ్చే వాడుక నియమాల్లో తేడాలు స్పష్టంగా కనబడతాయి. జెనిత్ ఫ్లెక్స్‌కు మెడ కనీసం 15 మిల్లీమీటర్ల పొడవుండాలి, వంపు 60 డిగ్రీలలోపే ఉండాలి. ఎండ్యురెంట్‌కు వంపు 60 డిగ్రీలలోపుంటే 10 మిల్లీమీటర్లు చాలు, 75 డిగ్రీల దాకా పోతే 15 కావాలి. 90 డిగ్రీల వంపు దాకా అమెరికా అనుమతి పొందిన ఏయార్‌ఫిక్స్ ఒకటి ఉంది. మరీ పొట్టి మెడకు గ్రాఫ్టును గోడకు బిగించే చిన్న స్క్రూలు ఉన్నాయి. మెడ అసలే లేకపోతే కిడ్నీ కొమ్మల కోసం రంధ్రాలు పెట్టి, ఆ రోగి కొలతలకే తయారుచేసే గ్రాఫ్టులు ఉన్నాయి. వాటి తయారీకి వారాలు పడతాయి, ఖర్చు బాగా పెరుగుతుంది.

ఈ కొలతల్లో మనవాళ్లకు ప్రత్యేకంగా ముఖ్యమైనది గజ్జ దారి. జెనిత్ ఫ్లెక్స్ గొట్టం బయటి మందం 7 మిల్లీమీటర్లకు పైనే. ఎండ్యురెంట్ అసలు భాగం 18 నుంచి 20 ఫ్రెంచ్, అంటే 6 నుంచి 6.7 మిల్లీమీటర్లు. ఒవేషన్ అనే గ్రాఫ్టు లోహాన్ని తగ్గించి, మెడ దగ్గర ద్రవ పాలిమర్‌తో నింపే ఉంగరాలను పెట్టుకుని 14 ఫ్రెంచ్‌కు, అంటే 4.7 మిల్లీమీటర్లకు దిగింది. సన్నని ఆడమనిషికి, సున్నం పట్టి బిరుసెక్కిన బీడీ తాగేవాడి ధమనికి ఈ రెండు మిల్లీమీటర్లు ధమని చిరగడానికీ చిరగకపోవడానికీ మధ్య తేడా. పాశ్చాత్య దేశాల పెద్ద ఒళ్లకు తగినట్టు తయారైన వస్తువు మన గజ్జలో ఎక్కదని తెలిశాక బలవంతం చేయకుండా వెనక్కి తగ్గే సర్జనే మంచి సర్జన్ అని నా అభిప్రాయం.

ఒక గ్రాఫ్టును మరో గ్రాఫ్టుతో నేరుగా పోటీ పెట్టి, చీటీ తీసి రోగులను రెండు వర్గాలుగా విడదీసి చేసిన పెద్ద పరీక్షలు చాలా అరుదు. ఉన్న సమాచారంలో ఎక్కువ భాగం ఒక్కో గ్రాఫ్టుకు ఒక్కో రిజిస్ట్రీ. ఎండ్యురెంట్‌కు 30 దేశాల్లో 1,263 మందితో నడిచిన ఎంగేజ్ అలాంటిదే. బ్రిటన్‌లో జరిగిన ఎవార్-1 పరీక్షలో సర్జన్లు ఎక్కువగా జెనిత్, టాలెంట్ అనే రెండిటినే వాడారు. రెండిటినీ విడిగా తీసి చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నిలదొక్కుకున్న గ్రాఫ్టుల మధ్య, నియమాలకు లోబడి సరైన మెడలో పెట్టినంతవరకు, అంతరం చిన్నదే. నియమాలు దాటి పెట్టినప్పుడు అన్నీ ఒకే తీరున దెబ్బతింటాయి.

పెద్ద తేడాలు నిలదొక్కుకోలేని గ్రాఫ్టుల చరిత్రలో కనబడతాయి, రోగులకు అందులో తెలుసుకోవాల్సింది ఎంతో ఉంది. 1999 సెప్టెంబరులో అమెరికా ఒకే రోజు రెండు గ్రాఫ్టులకు అనుమతి ఇచ్చింది, ఆంక్యూర్, ఏన్యూఆర్ఎక్స్. ఆంక్యూర్‌ను ఎక్కించే పరికరం ఒంట్లో ఇరుక్కుపోవడం లాంటి లోపాల ఘటనలను వేల సంఖ్యలో ప్రభుత్వానికి చెప్పకుండా దాచిపెట్టినందుకు, గైడాంట్ అనుబంధ సంస్థ 2003లో కోర్టులో నేరం ఒప్పుకుని 9 కోట్ల 24 లక్షల డాలర్లు చెల్లించింది. తొలితరం ఎక్స్‌క్లూడర్ పొర గుండా ద్రవం మెల్లగా ఊరి, సంచిలోకి రక్తపు కారుదల ఏదీ లేకుండానే కొందరి సంచులు పెరిగాయి. 2004లో పొరను మార్చాక ఆ సమస్య తగ్గింది. ఎండోలాజిక్స్ ఏఎఫ్ఎక్స్‌లో వాడిన స్ట్రాటా అనే గుడ్డ చిరగడం, అతుకులు విడిపోవడం వల్ల సంచిలోకి నేరుగా రక్తం పోయిన కేసులు బయటపడి, అమెరికా నియంత్రణ సంస్థ పదేపదే హెచ్చరికలు ఇచ్చింది. అదే కంపెనీ నెల్లిక్స్ సంచినంతా పాలిమర్ బ్యాగులతో నింపేసే సరికొత్త ఆలోచన. తొలి ఫలితాలు అందరినీ మెప్పించాయి. తర్వాత గ్రాఫ్టులు జారిపోవడం, సంచులు పగలడం మొదలై, 2019 జనవరిలో యూరప్‌లో దాని అనుమతి నిలిచిపోయింది. ఆంక్యూర్‌ను పక్కనపెడితే, ఈ వస్తువులు మొదటి నెలలో బాగానే పనిచేశాయి. మొదటి నెల లెక్కతో గ్రాఫ్టును ఎంచుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఎవార్‌ను కడుపు కోసే ఆపరేషన్‌తో పోల్చినా అదే కథ. ఎవార్-1లో మొదటి 30 రోజుల్లో చనిపోయినవారు ఎవార్ వర్గంలో 1.8 శాతం, కోత వర్గంలో 4.3 శాతం. నెదర్లాండ్స్‌లో జరిగిన డ్రీమ్, అమెరికా మాజీ సైనికుల మీద జరిగిన ఓవర్ పరీక్షలు కూడా ఇదే దిశలో చెప్పాయి. ఈ లాభం కొన్నేళ్లలో కరిగిపోయింది. ఎవార్-1 రోగులను 15 ఏళ్లపాటు వెంబడించిన ఫలితాలు 2016లో వచ్చాయి. ఎనిమిదేళ్లు దాటాక కోత ఆపరేషన్ చేయించుకున్నవారే ఎక్కువ బతికారు. ఆ దశలో సంచి మళ్లీ పగిలి చనిపోయినవారు ఎవార్ వర్గంలో 13 మంది, కోత వర్గంలో ఇద్దరు. కారుదల గమనించకపోయినా, గమనించాక మళ్లీ మరమ్మతు చేయకపోయినా సంచి ఇలా పగలవచ్చు.

కారుదలల్లో కూడా తేడాలున్నాయి. మెడ దగ్గర లేదా కాలి చివర పట్టు వదిలితే ఒకటో రకం, గుడ్డ చిరిగితే లేదా అతుకు ఊడితే మూడో రకం. ఈ రెండిటినీ చూసిన వెంటనే సరిచేయాలి. వెనక నుంచి నడుము కొమ్మలు సంచిలోకి రక్తాన్ని వెనక్కి పోయడం రెండో రకం. ఇది చాలామందిలో కనబడుతుంది, సంచి పెరగనంతవరకు చూస్తూ ఉంటే చాలు. ఏ రకమైనా కనిపెట్టేది స్కానే. మనిషికి మాత్రం ఏమీ తెలియదు, హాయిగా తిరుగుతుంటాడు.

ఇక్కడే అనంతపురం ప్రశ్న మొదలవుతుంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో తొలి దశగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పుట్టపర్తిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా జరుగుతున్నాయి. పెద్ద ఆపరేషన్ అంటే భయపడి ఇంట్లో కూర్చునే కాలం ఈ ప్రాంతంలో చాలావరకు పోయింది. అయితే వాటన్నిటిలో ఒకసారి చేయించుకుని, మందులు వాడుతూ ఉండడమే ఉంది. ఎవార్ అలా కాదు. గ్రాఫ్టు పెట్టిన నెలకొక సీటీ, ఆ తర్వాత ఏడాదికొక స్కాన్, జీవితాంతం. ఇలాంటి పని రోజూ చేసే వాస్క్యులర్ సర్జన్ల కోసం 44వ నెంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా రెండు వందల కిలోమీటర్లు పోతే బెంగళూరు, ఉత్తరంగా మూడున్నర వందలు పోతే హైదరాబాదు. వేరుశనగ విత్తే అదును చూసుకుని, వాన కోసం ఎదురుచూసే ఇంట్లో, ఒంట్లో బాగున్న మనిషి ఏటా చార్జీలు పెట్టుకుని, తోడు ఒకరిని తీసుకుని స్కాన్‌కు పోతాడా? రెండో ఏడు పోతాడు. ఆరో ఏడు పోతాడని నమ్మకంగా చెప్పలేం. పైన చెప్పిన 13 మరణాల లెక్క, పరిశోధకులు రోగులను ఏళ్ల తరబడి వెంబడించిన చోటిది.

కాబట్టి ఈ ప్రాంతపు రోగికి గ్రాఫ్టు పోలికలో పదో ఏడు కూడా ఒక గడిగా ఉండాలి. గుండె, ఊపిరితిత్తులు బాగున్న 62 ఏళ్ల మనిషికి, మెడ పొట్టిగానో వంకరగానో ఉంటే, కోత ఆపరేషన్ పాతదని తీసిపారేయకూడదు. అక్కడ వారం రోజులు ఎక్కువ ఆసుపత్రి, రెండు నెలలు బలహీనత. డాక్రాన్ గొట్టం ఖరీదు స్టెంట్ గ్రాఫ్టుతో పోలిస్తే చాలా తక్కువ, తర్వాతి స్కాన్‌ల భారం కూడా తక్కువే. 78 ఏళ్ల వయసు, ఆయాసం, మంచి పొడవు మెడ ఉన్నవారికి ఎవార్ వరమే. ఆపరేషన్‌కే పనికిరానంత బలహీనంగా ఉన్నవారి మీద చేసిన ఎవార్-2 పరీక్ష మరో చేదు నిజం చెప్పింది. ఉబ్బు వల్ల చావు తగ్గినా, వాళ్ల మొత్తం ఆయుష్షు పెరగలేదు. పొలం అమ్మి గ్రాఫ్టు పెట్టించాలనుకునే కొడుకులకు ఈ సంగతి ముందే చెప్పడం డాక్టరు బాధ్యత.

ఖర్చు గురించి ఒక అపోహ తీరాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది, మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600. అది గుండె స్టెంట్లకు. బృహద్ధమని స్టెంట్ గ్రాఫ్టులు అందులో లేవు, వాటి ధర లక్షల్లోనే ఉంది. ఆసుపత్రిలోని ప్రభుత్వ ఆరోగ్య పథకం సిబ్బందిని ముందే అడిగి, ఏ ప్యాకేజీ కింద ఏది వస్తుందో, గ్రాఫ్టుతోపాటు తర్వాతి స్కాన్‌లకు ఎవరు డబ్బు కడతారో రాసి తీసుకోవాలి. చాలామంది మొదటి బిల్లు గురించే బేరమాడి, పదేళ్ల స్కాన్‌ల సంగతి అడగడం మరిచిపోతారు.

ఆ స్కాన్‌ల భారం తగ్గే దారి ఉంది. యూరప్ వాస్క్యులర్ సర్జన్ల సంఘం 2019 మార్గదర్శకాలు, మొదటి నెల సీటీలో కారుదల లేకుండా, పైన కింద పట్టు కనీసం 10 మిల్లీమీటర్లు ఉన్నవారికి మళ్లీ సీటీని అయిదేళ్ల దాకా వాయిదా వేయవచ్చని చెప్పాయి. మధ్యలో సంచి వెడల్పును అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే చాలావరకు సరిపోతుంది. ఆ పని అనంతపురంలోనే జరుగుతుంది. సంచి చిన్నదవుతూ ఉంటే మంచి గుర్తు. అర సెంటీమీటరు పెరిగితే అప్పుడు బస్సెక్కాలి. ఈ పద్ధతిలో రంగుమందు కూడా తగ్గుతుంది. వేసవిలో ఒంట్లో నీరు ఆరిపోయి, నొప్పి మాత్రలు మింగుతూ పని చేసేవారి కిడ్నీలకు ఆ తగ్గింపు ఎంతో మేలు. సీటీకి ముందు క్రియాటినిన్ పరీక్ష, కడుపునిండా నీళ్లు, ఆ రోజుల్లో నొప్పి మాత్రలు ఆపడం తప్పనిసరి. మరో జాగ్రత్త మందుల షాపు దగ్గర. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్స్ ఉబ్బున్నవారిలో గోడ చిట్లే ప్రమాదాన్ని పెంచవచ్చని, వేరే మందు ఉంటే వీటిని వాడొద్దని అమెరికా నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. మూత్రంలో మంటకు చీటీ లేకుండా కొనుక్కునే మాత్రల్లో ఇవి ముందుంటాయి.

మన దేశంలో 65 దాటిన మగవారికి కడుపు అల్ట్రాసౌండ్ చేసే ప్రభుత్వ కార్యక్రమం లేదు. బ్రిటన్‌లో ఉంది. జిల్లా అంతా స్కాన్ చేయడం ఇప్పుడప్పుడే సాధ్యం కాకపోవచ్చు. కానీ రాయి కోసమో, ప్రోస్టేట్ కోసమో రోజూ స్కానింగ్ బల్ల ఎక్కే పొగతాగే పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. రిపోర్టులో బృహద్ధమని వెడల్పు అని ఒక్క గీత చేర్చడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

గ్రాఫ్టు ఇప్పటికే పెట్టించుకున్నవారి ఇళ్లలో వెతకాల్సిన కాగితం ఒకటి ఉంది. ప్రతి గ్రాఫ్టు పెట్టె మీద పేరు, మోడల్, కొలతలు, లాట్ నెంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి ఆసుపత్రి ఫైల్లో అతికిస్తారు, ఒకటి రోగి చేతికివ్వాలి. స్ట్రాటా గుడ్డ గురించి హెచ్చరికలు వచ్చినప్పుడు, తమ ఒంట్లో ఉన్నది ఏ గ్రాఫ్టో, ఏ గుడ్డతో తయారైందో తెలిసినవారిని పిలిచి త్వరగా స్కాన్ చేయగలిగారు. సీటీలో లోహపు ఆకారం చూసి కంపెనీని ఊహించవచ్చు, ఏ గుడ్డతో ఏ ఏడు తయారైందో సీటీ చెప్పదు. ఆ స్టిక్కరు లేకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డు విభాగానికి రాసి నకలు తెప్పించుకుని, ఆధార్, రేషన్ కార్డులు పెట్టే కవరులోనే దాన్నీ పెట్టండి. ఫోన్‌లో ఒక ఫొటో తీసి కొడుకుకో కూతురికో పంపండి.